8 జీబీ వేస్తే 3.4 జీబీయే కనిపిస్తుందేం? ర్యామ్ పరిమితుల లెక్క

క్లుప్తంగా: ఒక కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ పనికొస్తుందన్నది ఒక్కచోట తేలే విషయం కాదు. ప్రాసెసర్‌తో కూడిన మదర్‌బోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్, అందులో నడిచే ప్రోగ్రామ్, వీటిలో దేని హద్దు దానిదే. అన్నిటికంటే చిన్న హద్దే చివరికి చెల్లుతుంది. 32 బిట్ విండోస్‌లో అది 4 జీబీకి లోపు, 64 బిట్ విండోస్ హోమ్‌లో 128 జీబీ. ఇళ్లలో, దుకాణాల్లో ఇప్పుడు ఎదురవుతున్న ఇబ్బందుల్లో చాలావాటికి కారణం పాత బోర్డు, పాత సాఫ్ట్‌వేర్, లేదా మార్చకుండా వదిలేసిన 32 బిట్ విండోస్.

ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున లాగేసుకోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. ఈ రెండూ కలిసి పాత కంప్యూటర్లకు మరో ర్యామ్ స్టిక్ వేసి నెట్టుకొద్దామనుకునేవాళ్లను, సెకండ్ హ్యాండ్ విడిభాగాలతో కొత్తగా కట్టుకునేవాళ్లను పెంచాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొన్న స్టిక్‌ను తిరిగి ఇవ్వడం అంత తేలిక కాదు. డబ్బు పెట్టేముందు హద్దు ఎక్కడుందో చూసుకోవడం అందుకే అవసరం.

4 జీబీ గీత ఎక్కడిది

మెమరీలో ప్రతి బైట్‌కూ ఒక చిరునామా ఉంటుంది. చిరునామాకు 32 బిట్లు కేటాయిస్తే 2ను 32 సార్లు హెచ్చించినన్ని, అంటే 429,49,67,296 చిరునామాలు వస్తాయి. అదే 4 జీబీ. ఇంటి నంబర్లు నాలుగంకెలు దాటకూడదని పంచాయతీ తీర్మానిస్తే 9999 తర్వాత కట్టిన ఇంటికి ఉత్తరం చేరదు, ఇల్లు ఎంత బాగున్నా సరే. అదనపు ర్యామ్ సంగతీ అంతే. స్లాట్‌లో ఉంటుంది, కరెంటు తీసుకుంటుంది, వెచ్చబడుతుంది కూడా. దాన్ని పిలవడానికి నంబరే ఉండదు.

అయితే 4 జీబీ వేసినవాళ్లకు కూడా 4 కనిపించదు. 3.2 అనో, 3.4 అనో, 3.5 అనో చూపిస్తుంది. చిరునామాలు ర్యామ్ ఒక్కదానికే కావు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, యూఎస్‌బీ కంట్రోలర్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అమరిక, బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) చిప్, ఇంటరప్ట్ కంట్రోలర్ అన్నీ ఇదే 4 జీబీలో పైభాగాన కొంతకొంత చోటు ఆక్రమిస్తాయి. ప్రాసెసర్ ఆ పరికరాలతో మాట్లాడేది ఆ చిరునామాల ద్వారానే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అమరిక పట్టికకే సాధారణంగా 256 ఎంబీ పోతుంది. గ్రాఫిక్స్ కార్డు తన మెమరీలోకి తెరిచే కిటికీకి మరో 256 ఎంబీ. ఎన్ని పరికరాలుంటే అంత కోత. 4 జీబీ ర్యామ్‌తో పాటు ఒక్కోటి 1 జీబీ ఉన్న రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టిన కంప్యూటర్‌లో 32 బిట్ విండోస్‌కు 2.2 జీబీ మాత్రమే మిగిలిందని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ మార్క్ రస్సినోవిచ్ 2008లోనే చూపించారు.

ఇక్కడ ఒక అపోహ బాగా పాకిపోయింది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు పెడితే 8 జీబీ చిరునామాలు పోతాయని కొందరి లెక్క. మామూలుగా కార్డు అడిగేది ఆ 256 ఎంబీ కిటికీయే. మొత్తం మెమరీని ఒకేసారి తెరిచే రీసైజబుల్ బార్ సదుపాయం వేరు. దానికి బయోస్‌లో ‘ఎబవ్ 4జీ డీకోడింగ్’ ఆన్ చేసి, పాత బయోస్ తీరును అనుకరించే సీఎస్‌ఎం ఆపి, 64 బిట్ సిస్టమ్‌ను యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో నడపాలి. అప్పుడు ఆ కిటికీ 4 జీబీ గీతకు పైన తెరుచుకుంటుంది కాబట్టి ర్యామ్‌కు నష్టం లేదు.

దారి ఉన్నా మూసేశారు

32 బిట్ ప్రాసెసర్లు 4 జీబీ దాటలేవనడం పూర్తి నిజం కాదు. 1995లో వచ్చిన పెంటియం ప్రోతోనే ఇంటెల్ పీఏఈ అనే పద్ధతి తెచ్చింది. భౌతిక చిరునామా 36 బిట్లకు పెరిగి 64 జీబీ దాకా ర్యామ్ అందుతుంది. 32 బిట్ లైనక్స్ దీన్ని వాడుకుంది. 32 బిట్ విండోస్ సర్వర్ 2008 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కూడా 64 జీబీ దాకా వాడింది. మరి ఇంట్లో వాడే విండోస్ ఎందుకు వాడదు?

కారణం డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు. 2004లో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 హానికర కోడ్‌ను అడ్డుకునే రక్షణ కోసం పీఏఈని ఆన్ చేసింది. అప్పటికి మార్కెట్‌లో ఉన్న సౌండ్, వీడియో డ్రైవర్లలో చాలావాటిని భౌతిక చిరునామా 32 బిట్లు దాటదన్న నమ్మకంతో రాశారు. 4 జీబీకి పైన ఉన్న చిరునామా చేతికొస్తే వాటికి సగమే అర్థమై, ఎక్కడో రాయాల్సింది ఇంకెక్కడో రాసి సిస్టమ్‌ను కూల్చేవి. సర్వర్లలో డ్రైవర్లు తక్కువ, పరీక్షలు ఎక్కువ. ఇంటి కంప్యూటర్లలో అందుకు తలకిందులు. దాంతో మైక్రోసాఫ్ట్ 4 జీబీకి పైన ఉన్న ర్యామ్‌ను పట్టించుకోవద్దని ఇంటి విండోస్‌కు చెప్పేసింది. ఎక్స్‌పీ నుంచి 10 దాకా 32 బిట్ విండోస్ హద్దు మారలేదు. ఆ గీతను తొలగిస్తామంటూ నెట్‌లో తిరిగే ప్యాచ్‌లు విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఫైల్‌నే మార్చేస్తాయి. డ్రైవర్ల సమస్య అలాగే ఉంటుంది, పైగా ఫైల్‌లో ఇంకేం చేర్చారో తెలియదు. ఉచితంగా 64 బిట్‌కు మారే వీలుండగా వాటి జోలికి పోవాల్సిన పని లేదు.

64 బిట్‌లో మిగిలేది లైసెన్సు గీతే

2003లో ఏఎండీ ఆప్టెరాన్, అథ్లాన్ 64లతో మొదలైన 64 బిట్ నమూనాలో చిరునామాల కొరత తీరిపోయింది. మెమరీ ఎక్కడుందో చూపే పేజీ పట్టికలు నాలుగంచెలవైతే 64 బిట్ లైనక్స్ 64 టీబీ (ఒక టీబీ అంటే 1024 జీబీ) ర్యామ్‌ను గుర్తించగలదు. ఐదంచెల పద్ధతిలో ఆ హద్దు 4 పీబీ, అంటే 4096 టీబీ. ఇంట్లో కట్టుకునేవాళ్లకు ఈ అంకెలతో పనిలేదు.

విండోస్‌లో మాత్రం ఎడిషన్‌ను బట్టి ధర, ధరను బట్టి గీత. 64 బిట్ విండోస్ 7 హోమ్ బేసిక్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియంకు 16 జీబీ, ప్రొఫెషనల్, అల్టిమేట్‌లకు 192 జీబీ. విండోస్ 8కు 128, దాని ప్రో ఎడిషన్‌కు 512 జీబీ. విండోస్ 10, 11లలో హోమ్ ఎడిషన్‌కు 128 జీబీ, ప్రోకు 2 టీబీ, ఎంటర్‌ప్రైజ్, ప్రో ఫర్ వర్క్‌స్టేషన్స్ ఎడిషన్లకు 6 టీబీ. వీటిలో ఇప్పటికీ నిజంగా అడ్డుపడేవి రెండే. విండోస్ 7 హోమ్ ప్రీమియంతో నడుస్తున్న పాత మెషీన్‌లో 16కు మించి వేస్తే దండగ. విండోస్ 11 హోమ్ ఉన్న కొత్త మెషీన్‌లో 48 జీబీ స్టిక్‌లు నాలుగు, అంటే 192 జీబీ వేసినా పనికొచ్చేది 128. పెద్ద ఏఐ మోడళ్లను ఇంట్లోనే నడిపించాలనుకునేవాళ్లు ఈ రెండో గీతను తాకుతున్నారు. దీనికి ఫార్మాట్ అక్కర్లేదు. ప్రో లైసెన్సు కీ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

32 నుంచి 64కు మారడం అలా కాదు. ఉన్నదానిమీదే అప్‌గ్రేడ్ కుదరదు, మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేయాలి. మంచి విషయమేంటంటే ఎడిషన్ మారనంతవరకు అదే లైసెన్సు రెండింటికీ చెల్లుతుంది. ఫైళ్లన్నీ వేరే డిస్క్‌కు తీసిపెట్టుకుని, బోర్డుకు, ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్లున్నాయని చూసుకుని దిగాలి. ర్యామ్ 2 జీబీయే ఉండి పెంచే ఉద్దేశం లేకపోతే మారి ప్రయోజనం లేదు. 64 బిట్ విండోస్ తనకే ఎక్కువ మెమరీ తీసుకుంటుంది. ఇక విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు.

బోర్డు చెప్పేదే అసలు మాట

ఆపరేటింగ్ సిస్టమ్ 128 జీబీకి ఒప్పుకున్నా బోర్డు ఒప్పుకోకపోతే ఏమీ జరగదు. సెకండ్ హ్యాండ్ మెషీన్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇంటెల్ 945 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) బోర్డులు ఇందుకు మంచి ఉదాహరణ. వాటిలో కోర్ 2 డుయో లాంటి 64 బిట్ ప్రాసెసర్ కూర్చుంటుంది, 64 బిట్ విండోస్ ఎక్కుతుంది, అయినా 4 జీబీ వేస్తే మూడుంపావు దగ్గరే ఆగుతుంది. పరికరాలు ఆక్రమించిన చోట మరుగున పడిన ర్యామ్‌ను 4 జీబీ గీతకు పైకి జరపడాన్ని రీమ్యాపింగ్ అంటారు. 945లో ఆ సదుపాయమే లేదు. తర్వాత వచ్చిన 965లో ఉంది, 8 జీబీ దాకా వెళ్తుంది. ఆ కాలపు కొన్ని బోర్డుల్లో బయోస్‌లో ‘మెమరీ రీమ్యాప్’ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉంటుంది. 64 బిట్ విండోస్ వేశాక దాన్ని ఆన్ చేయడం మరిచి, కొత్త స్టిక్ పాడైందనుకున్న సందర్భాలు ఎన్నో.

ఇంటెల్ జీ31 బోర్డులకు డీడీఆర్2 తరం ర్యామ్‌లో 4 జీబీ హద్దు. డీడీఆర్3 వేసే జీ41 బోర్డులకు రెండు స్లాట్లలో 8 జీబీ. జీ41తో ఇంకో చిక్కుంది. స్టిక్ మీద ఎన్ని చిప్‌లున్నాయన్నది కూడా లెక్కే. ఒక్కో చిప్ 2 గిగాబిట్లకు మించకుంటేనే ఆ చిప్‌సెట్ అర్థం చేసుకుంటుంది. కాబట్టి 4 జీబీ స్టిక్ మీద రెండువైపులా కలిపి 16 చిప్‌లుండాలి. ఒకవైపు 8 చిప్‌లతో వచ్చే 4 జీబీ స్టిక్ వేస్తే అసలు ఆన్ కాదు, లేదా సగమే చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ‘ఏఎండీ ఓన్లీ’ డీడీఆర్3 స్టిక్‌లదీ ఇలాంటి గొడవే. లోపలి చిరునామా అమరిక తేడాగా ఉండటంతో ఇంటెల్ బోర్డుల్లో అవి పనిచేయవు. అమ్మకం పేజీలో ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రెండో, మూడో తరం కోర్ ప్రాసెసర్లకు వాడే హెచ్61, నాలుగో తరానికి వాడే హెచ్81 బోర్డులు ఇక్కడి మార్కెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రెండింటికీ 8 జీబీ స్టిక్‌లు రెండు, మొత్తం 16 జీబీ హద్దు. ప్రాసెసర్ 32 జీబీకి పనికొస్తుందని ఇంటెల్ పేజీలో ఉంటుంది, అది నాలుగు స్లాట్ల బోర్డులో మాట. డీడీఆర్4 కాలానికి వస్తే ఏఎండీ ఏఎం4 సాకెట్ రైజెన్ ప్రాసెసర్లకు నాలుగు స్లాట్ల బోర్డులో 128 జీబీ. ఇంటెల్‌లో ఆరో తరానికి 64, తొమ్మిదో తరం నుంచి 128. ప్రాసెసర్ పేజీ, బోర్డు పేజీ రెండూ చూసి చిన్న అంకెను తీసుకోవాలి. ఆ తర్వాత బోర్డు కంపెనీ పరీక్షించి పెట్టే క్యూవీఎల్ జాబితాలో ఆ స్టిక్ ఉందో లేదో చూస్తే ఇంకా మంచిది.

సర్వర్లలో వాడి తీసేసిన ఈసీసీ రిజిస్టర్డ్ (తప్పులు సరిదిద్దుకునే, సర్వర్ల కోసమే చేసిన) స్టిక్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి. డీడీఆర్4 రిజిస్టర్డ్ స్టిక్ మామూలు బోర్డు స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కంప్యూటర్ మాత్రం లేవదు. వాటిని ఒప్పుకునే జియాన్ లాంటి సర్వర్ ప్రాసెసర్, దానికి తగిన బోర్డు ఉంటేనే వాటికి పని.

డీడీఆర్5లో హద్దు కంటే వేగం ముందు అడ్డొస్తుంది. రైజెన్ 7000 తరానికి రెండు స్టిక్‌లు వేస్తే ఏఎండీ హామీ ఇచ్చే వేగం సెకనుకు 5200 మెగా ట్రాన్స్‌ఫర్లు, నాలుగు వేస్తే 3600. కాబట్టి 64 జీబీ కావాలంటే నాలుగు 16ల కంటే రెండు 32లు మేలు. పైగా డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (స్టిక్‌లను పరీక్షించి సర్దుకోవడం) పేరిట కొన్ని నిమిషాలు నల్ల తెరతో ఉండిపోతుంది. కంగారుపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

ర్యామ్ నిండా ఉన్నా ప్రోగ్రామ్ తీసుకోదు

తెలుగు డీటీపీ దుకాణాల్లో పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ పాత వెర్షన్‌లతో పని సాగే కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. పాత స్కానర్, పాత ఇమేజ్‌సెట్టర్, హార్డ్‌వేర్ లాక్ డ్రైవర్ల కోసం 32 బిట్ విండోస్‌ను అట్టిపెట్టుకుంటారు. కెర్నల్‌లో నడిచే 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు, 16 బిట్ ఇన్‌స్టాలర్లు అసలు తెరుచుకోవు. కాబట్టి ఆ జాగ్రత్త అర్థం లేనిది కాదు. కానీ అలాంటి మెషీన్‌కు 8 జీబీ వేయించడం డబ్బు పారేసుకోవడమే.

64 బిట్‌కు మారినా 32 బిట్ ప్రోగ్రామ్ తన పరిధి తను దాటదు. విండోస్ ఒక్కో 32 బిట్ ప్రోగ్రామ్‌కు మామూలుగా 2 జీబీ చిరునామాలిస్తుంది. పెద్ద చిరునామాలు తట్టుకోగలనని ప్రోగ్రామ్ ముందే గుర్తు పెట్టుకుని ఉంటే 64 బిట్ విండోస్‌లో 4 జీబీ ఇస్తుంది. 32 జీబీ మెషీన్‌లో పాత ఫొటోషాప్ ‘మెమరీ చాలదు’ అనడానికి కారణమిదే. విండోస్‌లో ఫొటోషాప్ 64 బిట్‌గా వచ్చింది 2008 నాటి సీఎస్4తో, ఆఫీస్ వచ్చింది 2010 వెర్షన్‌తో. ఎక్సెల్‌లో లక్షల వరుసల ఫైల్ తెరిస్తే కూలిపోతోందంటే ర్యామ్ కొనేముందు ఫైల్, అకౌంట్, ఎబౌట్ ఎక్సెల్‌లోకి వెళ్లి అది 32 బిట్టో 64 బిట్టో చూడాలి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఆఫీస్ వేసి ఉండటం మామూలే.

విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు మరో హద్దుంది. అది మొత్తం ర్యామ్‌లో సగానికి మించి తీసుకోకుండా విండోస్ ముందే గీత గీస్తుంది. 16 జీబీ లాప్‌టాప్‌లో దాని మీద నడిచే డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌కు 8 జీబీయే కనిపించడం లోపం కాదు. యూజర్ ఫోల్డర్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైల్ పెట్టి ఆ అంకె మార్చుకోవచ్చు.

ఖాళీ ఉండగానే ‘మెమరీ లేదు’ అంటే

టాస్క్ మేనేజర్‌లో 3 జీబీ ఖాళీ కనిపిస్తూనే ప్రోగ్రామ్‌లు మూసుకుపోతుంటే చూడాల్సింది ‘కమిటెడ్’ అంకె. ప్రోగ్రామ్ వాడినా వాడకపోయినా, దానికి మాట ఇచ్చిన మెమరీ అంతా ఇందులో చేరుతుంది. ర్యామ్, పేజీ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) కలిపితే వచ్చేదే దీని హద్దు. విండోస్ ఇవ్వలేని మాట ఇవ్వదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ అరుగుతుందని పేజీ ఫైల్ తీసేసినవాళ్లకు హద్దు ర్యామ్ దగ్గరే ఆగిపోతుంది. బ్రౌజర్లు, కొత్త గేమ్‌లు నిజంగా వాడేదానికంటే చాలా ఎక్కువ అడిగి పెట్టుకుంటాయి. పేజీ ఫైల్‌ను ‘సిస్టమ్ మేనేజ్డ్’గా వదిలేయడమే మేలు. అలా వదిలేసినా అది డిస్క్ పరిమాణంలో ఎనిమిదో వంతు దాటి పెరగదు కాబట్టి, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో పెద్ద వీడియో పనులకు అదీ చాలకపోవచ్చు.

లైనక్స్ తీరు వేరు. అది ఉదారంగా మాట ఇచ్చేస్తుంది. నిజంగా కొరత వచ్చినప్పుడు ఓఓఎం కిల్లర్ ఏదో ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపేస్తుంది. హెచ్చరిక కిటికీ ఏదీ రాకుండా బ్రౌజర్ మాయమైందంటే చాలాసార్లు ఇదే.

కొరత ఎక్కడుందో పట్టుకోవడం

మొదట బయోస్ తెర చూడాలి. అక్కడే తక్కువ చూపిస్తే విండోస్‌ను తప్పుపట్టి లాభం లేదు. స్టిక్‌లను తీసి, అంచులు తుడిచి, రెండువైపులా గొళ్లెం పడేదాకా నొక్కి పెట్టాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో వేయాలి. ఒక్కో స్టిక్‌నూ విడిగా వేసి చూస్తే చెడింది స్టిక్కో స్లాట్టో తేలుతుంది. ఏ స్టిక్ వేసినా ఒకే స్లాట్ పనిచేయకపోతే ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ను గానీ, ఒకవైపు మరీ బిగించిన కూలర్ స్క్రూ గానీ కారణం కావచ్చు. ఇప్పటి తరాల్లో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ పిన్ను ద్వారానే ర్యామ్ మాట్లాడాలి.

బయోస్ సరిగ్గా చూపి విండోస్ తక్కువ చూపిస్తే సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఎబౌట్ పేజీ తెరవాలి. ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్’ అని ఉంటే జబ్బు దొరికినట్టే. 64 బిట్టే అయితే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ కింద ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అంకె చూడాలి. వంద, రెండొందల ఎంబీ మామూలే. 512 ఎంబీ నుంచి 2 జీబీ దాకా ఉండి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ అయితే అది బయోస్‌లో యూఎంఏ పేరుతో గ్రాఫిక్స్‌కు పక్కనపెట్టిన వాటా. అక్కడే తగ్గించుకోవచ్చు. ‘షేర్డ్ జీపీయూ మెమరీ’ అని సగం ర్యామ్ కనిపించడం మాత్రం వేరు. అది అవసరమైతే వాడుకునే గరిష్ఠ పరిమితే తప్ప పోయిన మెమరీ కాదు.

రిజర్వ్‌డ్ అంకె అంతకంటే పెద్దదైతే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరవాలి. వేగం పెంచే చిట్కాల వీడియోలు చూసి ‘మ్యాగ్జిమమ్ మెమరీ’ పెట్టెలో టిక్ పెట్టినవాళ్లు తక్కువేం కాదు. ఆ టిక్ వేగం పెంచదు, రాసిన అంకె దగ్గర గీత గీస్తుంది. టిక్ తీసి రీస్టార్ట్ చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండీ లెక్క తేలకపోతే 64 బిట్ ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, సెట్టింగ్స్‌లో మెమరీ అంకె చూడవచ్చు. అది పూర్తి ర్యామ్ చూపిస్తే లోపం విండోస్ వైపు ఉంది, ఎడిషన్ గీత గానీ సెట్టింగ్ గానీ. అదీ తక్కువే చూపిస్తే బోర్డు, బయోస్ వెర్షన్, స్టిక్ రకం వైపు వెతకాలి. ఆ పెన్‌డ్రైవ్‌ను సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేచోటికే తీసుకెళ్తే డబ్బు చేతులు మారకముందే తేలిపోతుంది.